పదకొండు, నడుము

ఆమె అసలు పేరుతో శిబిరంలో హాజరుపట్టీకి తప్ప ఇంకెవరికీ పనిలేదు. అందరికీ ఆమె గరిటె. పొడుగ్గా, సన్నగా, పైభాగం కాస్త ముందుకి వంగి ఉంటుంది. ఆ పేరు పెట్టినవాడెవడో గానీ చూసే పెట్టాడు. ఇరవై రెండేళ్ళుగా సైనికుల వంటశాలలో పనిచేస్తోంది. వంటమనిషే అయినా యూనిఫారం ఉన్న మనిషి. భోజనాల వేళ సూప్ గుండిగ ముందు నిలబడి మనిషికి ఒక గరిటె చొప్పున పోస్తుంది. అది అక్కడి నియమం. రెండోసారి గిన్నె చాపినవాడిని, హోదా ఏదైనా సరే, ఎగాదిగా చూసి, "రెండో కడుపు ఎక్కడుందో చూపించండి, పోస్తాను" అంటుంది.

యూనిఫారం ఉన్నాక గరిటె పట్టినా తుపాకి పట్టినా ఏడాదికోసారి దేహదారుఢ్య పరీక్షకి నిలబడాలి. రెండు నిమిషాల్లో ఎన్ని పుషప్‌లు, రెండు నిమిషాల్లో ఎన్ని సిటప్‌లు, ఆ తర్వాత మూడు కిలోమీటర్ల పరుగు ఎంతసేపట్లో. ఒక్కోదానికి వంద మార్కులు. ఒక్కోదానిలోనూ కనీసం అరవై రావాలి. ఒకదానిలో వంద తెచ్చుకుని ఇంకోదానిలో యాభై తొమ్మిది తెచ్చుకున్నా తప్పినట్టే. ఎన్ని చేస్తే ఎన్ని మార్కులో చెప్పేది ఒక పెద్ద పట్టిక. వయసును బట్టి గడులు మారతాయి. వయసు పెరిగేకొద్దీ పట్టిక కాస్త మెత్తబడుతుంది. వరసగా రెండుసార్లు తప్పిన మనిషి యూనిఫారం మడిచి అప్పజెప్పి వెళ్ళాలి.

గరిటె ఒకసారి తప్పింది. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి.

లెక్క పెట్టింది మళ్ళీగారు. ఆయన ఒక సార్జెంట్. గుండ్రటి ముఖం, ఎప్పుడూ ఒకే గొంతు. ఆయనకి ఆ పేరు ఎందుకొచ్చిందో పుషప్ చేసిన ప్రతివాడికీ తెలుసు. సరిగ్గా చేస్తే ఆయన తర్వాతి అంకె చెబుతాడు. తప్పు చేస్తే పాత అంకే మళ్ళీ చెప్పి, ఏది తప్పో ఒక్క మాటలో చేరుస్తాడు. అంతకు మించి మెచ్చుకోవడం లేదు, తిట్టడం లేదు. ఆరోజు చాపమీద ఆమె ఆయన నోటినుంచి ఒకే అంకె నాలుగుసార్లు వింది.

"పదకొండు. పదకొండు, నడుము. పదకొండు, నడుము. పదకొండు, నడుము."

ఈల మోగింది. ఆమె వయసు గడిలో అరవై మార్కులు రావాలంటే పదమూడు కావాలి. పదకొండుకి యాభై ఆరు.

మూడు నెలల్లో మళ్ళీ పరీక్ష పెడతామన్నారు. వారం తిరక్కుండా కెప్టెన్ కబురు పంపాడు.

కెప్టెన్ మరీ కుర్రవాడేమీ కాదు గానీ, ఆమె చేతి సూప్ తాగుతూనే ముఖానికి మీసం తెచ్చుకున్నవాడు. గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడమీద అన్ని దళాల సగటు మార్కులు రాసిన పలక. వాళ్ళ దళం కిందినుంచి రెండోది. ఆయన ఆమెని కూర్చోమన్నాడు. ఎప్పుడూ కూర్చోమననివాడు కూర్చోమంటే ఆమెకి అనుమానం వచ్చింది.

"పాత ఫైళ్ళు కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాం కదండీ. మీ ఫైల్లో చిన్నప్పటి టీకా కార్డు ఒకటి దొరికింది. దాని ప్రకారం మీకు నలభై రెండు. మన రికార్డులో నలభై. స్కూల్లో రెండేళ్ళు తగ్గించి వేసినట్టున్నారు."

"నేను వెయ్యలేదు సార్."

"మీరు వేశారని ఎవరన్నారు? నియమం ప్రకారం ఉద్యోగంలో చేరినప్పటి స్కూలు తేదీయే ఖాయం. మీరుగా అడిగితే తప్ప ఎవరూ మార్చరు." కెప్టెన్ ఒక ఫారం ఆమెవైపు జరిపాడు. "అడిగితే మాత్రం మీకే మంచిది. నలభై రెండేళ్ళ గడిలో అరవైకి పదకొండు చాలు. మీరు చేసింది పదకొండే. ఇంక పరీక్షే అక్కర్లేదు. మీకు పాస్, మాకు సగటు."

ఆమె ఫారం చదివింది. ముందువైపు మాత్రమే అచ్చు. వెనక తెల్లగా ఉంది.

"సార్, మా హోదాలో నలభై నాలుగుకి ఇంటికి పంపుతారు కదా?"

"అవును."

"అంటే ఇప్పుడు నాలుగేళ్ళున్నాయి. ఇది పెడితే రెండే."

కెప్టెన్ కలం మూత తీసి పెట్టాడు. "పెద్దవారు మీరు. పొయ్యి దగ్గర ఎంతకాలమని కష్టపడతారు? రెండేళ్ళు హాయిగా చేసుకుని వెళ్ళిపోవచ్చు. రెండోసారి తప్పితే ఆ రెండేళ్ళు కూడా ఉండవు."

పెద్ద వంటాయన దిగిపోవడానికి ఇంకా మూడేళ్ళుంది. ఆయన తర్వాత వంటశాల తాళాలు ఆమెకే రావాలి. ఆ సంగతి అక్కడ ఉప్పు డబ్బాకి కూడా తెలుసు. మూడేళ్ళు నిలబడితే తాళాలు. సంతకం పెడితే తాళాలకి ఏడాది ముందే ఇంటిదారి. కెప్టెన్‌కి ఆమె మీద కోపమేమీ లేదు. ఆమెకి మేలు చేస్తున్నాననే ఆయన అనుకుంటున్నాడు. అదే ఆమెకి మండింది.

"ఆలోచించుకుంటాను సార్," అని కలం మూత తనే పెట్టేసి లేచింది.

ఇంట్లో ఉండేది ఇద్దరే, ఆమె, ఆమె తల్లి. శిబిరం వెనక వరస ఇళ్ళలో రెండు గదులు. తల్లి కిటికీ పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని చొక్కాకి గుండీ కుడుతోంది.

"అమ్మా, స్కూల్లో నా వయసు రెండేళ్ళు ఎందుకు తగ్గించావు?"

"నేనెందుకు తగ్గిస్తానే? హెడ్మాస్టరు అడిగాడు, ఎనిమిదేళ్ళ పిల్లని ఒకటో క్లాసులో ఎలా వెయ్యను అని. అయితే ఆరు రాసుకోండి అన్నాను. ఆయన రాసుకున్నాడు. నాదేం తప్పు?"

"నేను ఎనిమిదేళ్ళ దాకా బడికి ఎందుకు పోలేదు?"

తల్లి దారం కొరికింది. ఆ ప్రశ్నకి జవాబు ఇద్దరికీ తెలుసు. బట్టల ఫ్యాక్టరీలో తల్లికి పగలంతా పని. చంకలో తమ్ముడు, పొయ్యి మీద గిన్నె, ఆరేళ్ళ పిల్ల. ఆ తమ్ముడు ఇప్పుడు లారీలు బాగుచేస్తాడు, ముగ్గురు పిల్లల తండ్రి. అక్క చంక ఎక్కిన సంగతి చెబితే నవ్వేస్తాడు.

"కావాలంటే నేనొచ్చి చెబుతాను," అంది తల్లి. "నేను తగ్గించినవి నేనే పెంచుతాను. సంతకం ఎక్కడ పెట్టాలి?"

"ఎక్కడా వద్దు. ఆ రెండేళ్ళూ పనిచేసింది నేను. ఎవరి పుస్తకంలోనూ ఎక్కలేదు. ఇప్పుడు నన్ను ఇంటికి పంపడానికి మాత్రం లెక్కలోకి తెస్తారా? ఇవ్వను."

"మరి ఆ పదమూడు?"

"చేస్తాను."

"వచ్చాయా ఎప్పుడైనా?"

"ఇరవై రెండేళ్ళు వచ్చాయమ్మా. ఇప్పుడెక్కడికి పోతాయి?"

అంది గానీ ఎక్కడికి పోయాయో ఆమెకీ తెలీలేదు. చేతుల్లో బలం ఉంది. ఉల్లిపాయల బస్తా ఒక్కతే ఎత్తి భుజాన వేసుకుంటుంది. అలాంటిది పదకొండు తర్వాత నడుము ఎందుకు రాదు?

మర్నాడు మధ్యాహ్నం భోజనాల వరసలో మళ్ళీగారు గిన్నె పట్టుకుని ముందుకొచ్చాడు. గరిటె పోయకుండా ఆపింది.

"సార్జెంట్‌గారూ, నా నడుం మీద మీకు పగేమైనా ఉందా?"

వరసలో వెనకున్నవాళ్ళు గొల్లుమన్నారు. ఆయన ముఖం మారలేదు.

"మీ నడుముతో నాకేం పనండీ? అది రానప్పుడు పిలుస్తాను, అంతే. సూప్ పోస్తారా?"

పోసింది. ఒక గరిటె. ఆయన తాగి, గిన్నె కడిగే తొట్టి దగ్గర పెట్టి, వెళ్ళకుండా గోడ పక్కన నిలబడిపోయాడు. అప్పుడే ఆమె, రొట్టెలు కాల్చే అతను కలిసి రెండో గుండిగ పొయ్యి మీంచి దించుతున్నారు. చెరో చెవి పట్టుకున్నారు.

"ఆగండి," అన్నాడు మళ్ళీగారు. "అక్కడే పెట్టి ఇంకోసారి ఎత్తండి."

"సూప్ మరుగుతోంది సార్, ఆటలా?" అన్నాడు రొట్టెలతను.

"ఒక్కసారి."

ఎత్తారు. గరిటె ముందు భుజాలు లేపింది. గుండిగ జానెడు లేచింది. లోపలి సూప్ ఒకసారి ఊగి కుదురుకునే దాకా ఆగి, అప్పుడు నడుము నిటారు చేసింది. చుక్క ఒలకలేదు. చిన్నప్పటినుంచీ ఆమె బరువు ఎత్తేది అలాగే. ఒక్క ఊపున లేపితే అంచు దాటి కాళ్ళమీద పడుతుంది. కొత్తగా చేరిన ప్రతి వంటమనిషికీ ఆమె నేర్పే మొదటి పాఠం అదే.

"అదీ," అన్నాడు ఆయన. "ముందు భుజం, తర్వాత నడుము. ఇక్కడ అదే ఒప్పు. చాపమీద అదే తప్పు. అక్కడ మడమ నుంచి తల దాకా ఒక చెక్కలా ఒకేసారి లేవాలి. పదకొండు దాకా జాగ్రత్తగానే లేస్తున్నారు. అలిసిపోయాక గుండిగ ఎత్తేస్తున్నారు."

ఆమె గుండిగ కింద పెట్టి చేతులు తుడుచుకుంది. "ఈ మాట అప్పుడే చెప్పొచ్చు కదా?"

"నేను లెక్క పెట్టేవాణ్ణండీ. ఒక్క మాటే చెప్పాలి. చెప్పాను."

ఆయన వెళ్ళాక రొట్టెలతను గొణిగాడు. "అక్కా, ఈయన పెళ్ళాం సొగసుగా ముస్తాబై ఎలా ఉన్నానని అడిగినా ఒక్క మాటే చెబుతాడేమో."

"ఏ మాట?"

"నడుము."

ఆమె నవ్వు ఆపుకోలేక పొయ్యి గట్టు పట్టుకుంది.

ఆ సాయంత్రం భోజనాల వేళకి ముందు దొరికిన గంటలో ఇంటికి వచ్చి ముందుగదిలో బల్ల పక్కకి జరిపి చాప పరిచింది. తల్లిని ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి లెక్క పెట్టమంది. తల్లి ఉదారంగా పెట్టింది. కిందకి సగం వెళ్ళినా ఒకటే, పూర్తిగా వెళ్ళినా ఒకటే. మోకాలు ఆనినప్పుడు కూడా "పదిహేడు" అంది.

"అమ్మా, తప్పు చేస్తే పాత అంకే చెప్పాలి."

"కష్టపడి చేసింది లెక్కలోకి రాకపోవడమేంటే? ఆ మనిషికి కళ్ళు లేవా?"

"ఉన్నాయి. అందుకే రాలేదు."

తల్లికి నడుము ఎప్పుడు వెనకబడుతోందో కనిపించదు. కంటి అద్దాలు మార్చి రెండేళ్ళయింది. గరిటె చాపమీద బోర్లా పడుకుని కాసేపు ఆలోచించింది. తర్వాత లేచి, వెడల్పు అడుగున్న సత్తు గిన్నెలో అంచుకి వేలెడు తక్కువగా నీళ్ళు పోసి తెచ్చింది.

"ఇది నా నడుం మీద పెట్టు. ఒలికితే పాత అంకె. ఒలక్కపోతే కొత్తది."

ఈ భాష తల్లికి అర్థమైంది. మొదటిరోజు గరిటె నాలుగు దాటలేదు. చొక్కా తడిసింది, చాప తడిసింది, తల్లి పాదాలు తడిశాయి. "నాలుగు" అన్న మాట తొమ్మిదిసార్లు వింది. రెండోవారానికి ఏడు. ఒంటిని ఒక్క చెక్కలా లేపడమంటే బలం పెంచుకోవడం కాదని, ఇరవై రెండేళ్ళు ఒంటికి నేర్పినదాన్ని రెండు నిమిషాలపాటు మరిపించడమని ఆమెకి మెల్లగా తెలిసింది. మరిపించాలంటే ఒలకడం గురించే తలుచుకోవాలి. అది మాత్రం ఆమెకి ఎవరూ నేర్పనక్కర్లేదు.

నెల తిరిగేసరికి తల్లి మళ్ళీగారిని మించిపోయింది.

"తొమ్మిది."

"అమ్మా, ఒలకలేదు!"

"అంచు తడిసింది. తొమ్మిది."

"అంచు తడిస్తే ఒలికినట్టా?"

"నా ఇంట్లో అంతే. తొమ్మిది."

కుడిభుజం రాత్రింబవళ్ళు సలుపుతుండేది. వేడినీళ్ళ సంచీ కట్టుకుని కూరలు తరిగేది. కెప్టెన్ రెండుసార్లు కబురు పంపాడు, ఫారం సంగతి ఏమైందని. ఆలోచిస్తున్నానని రెండుసార్లూ చెప్పి పంపింది. పెద్ద వంటాయన మాత్రం ఒకరోజు తాళాలగుత్తి నడుముకి దోపుకుంటూ, "పెట్టెయ్యరాదూ ఆ సంతకం? ఎందుకొచ్చిన పంతం?" అన్నాడు.

"ఆ తాళాలు ఇప్పుడే ఇచ్చి వెళ్ళండి, పెడతాను," అంది ఆమె. ఆయన ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

పరీక్షరోజు పొద్దున మైదానంలో చాపలు వేశారు. మొదటిసారి తప్పినవాళ్ళు ఆరుగురు. ఆమె ఆఖరు. చుట్టూ ఖాళీగా ఉన్నవాళ్ళంతా చేరారు; రొట్టెలతను ఏప్రన్‌తోనే వచ్చి నిలబడ్డాడు. పక్కన బల్లమీద పట్టిక, మార్కుల కార్డు, ఆమె ఫైలు. ఫైలు మీద ఫారం. కెప్టెన్ దాన్ని గాలికి ఎగరకుండా వేలితో నొక్కి పట్టుకున్నాడు.

"ఇప్పుడు సంతకం పెట్టినా చెల్లుతుంది. మొదలుపెట్టాక చెల్లదు."

"అలాగే ఉంచండి సార్. ఇది అయ్యాక తీసుకుంటాను. ఆ కాగితంతో నాకు పనుంది."

కెప్టెన్‌కి అర్థం కాలేదు. మళ్ళీగారు చాప పక్కన మోకాళ్ళమీద కూర్చుని, తల ఆమె భుజాల ఎత్తుకి వంచాడు. ఈల మోగింది.

ఎనిమిది దాకా ఆమెకి ఆయన గొంతు తప్ప ఏదీ వినిపించలేదు. తొమ్మిది, పది. ఒక నిమిషం గడిచిందని ఎవరో అన్నారు. చేతులు నిటారుగా ఉంచి ఊపిరి తీసుకుంది. పైన ఆగొచ్చు, మోకాలు మాత్రం ఆనకూడదు. మళ్ళీ దిగింది.

"పది, మోచేయి."

తొందరపడింది. పూర్తిగా దిగలేదు. పళ్ళు బిగించి మళ్ళీ దిగి లేచింది.

"పదకొండు."

తర్వాతది లేస్తుండగానే తెలిసిపోయింది.

"పదకొండు, నడుము."

చుట్టూ ఉన్నవాళ్ళు కదలడం మానేశారు. ఈ మాట వాళ్ళు ఇంతకుముందు ఇక్కడే విన్నారు. ఆమె పైన ఆగి, కళ్ళు మూసుకుని, మనసులోనే నడుం మీద సత్తుగిన్నె పెట్టుకుంది. నీళ్ళు ఊగి కుదురుకున్నాయి. దిగింది. లేచింది.

"పన్నెండు."

"ఇంకా ఇరవై సెకన్లు," అన్నాడు గడియారం పట్టుకున్న అతను.

మళ్ళీ దిగింది. కుడిభుజంలో ఏదో పీకినట్టయి, లేచేటప్పుడు నడుము వెంట్రుకవాసి వెనక వచ్చింది. మళ్ళీగారు ఊపిరి తీసుకున్నాడు. ఆయన నోరు తెరిచేలోగా బల్ల దగ్గరినుంచి కెప్టెన్, "అయిపోయింది కదా సార్జెంట్, అది లెక్కలో వేసేయండి," అన్నాడు.

"అది రాదు సార్." చెప్పింది మళ్ళీగారు కాదు. చాపవైపు ముఖం పెట్టి ఉన్న గరిటె. "అంచు తడిసింది."

"ఏం తడిసింది?" అన్నాడు కెప్టెన్.

"పన్నెండు, నడుము," అన్నాడు మళ్ళీగారు.

అయిదు సెకన్లు. ఆమె దిగింది. ఛాతీ కిందకి వెళ్ళింది, మోచేతులు వంగాయి. అక్కడినుంచి మడమ, మోకాలు, నడుము, భుజం, తల అన్నీ ఒకే చెక్కలా లేచాయి. చేతులు బిగుసుకోవడం, ఈల మోగడం రెండూ ఒకేసారి అయ్యాయి. అందరూ మళ్ళీగారి వైపు చూశారు. ఆయన ఎప్పటి గొంతుతోనే చెప్పాడు.

"పదమూడు."

ఆమె చాపమీద బోర్లా పడి ఉండగానే రొట్టెలతను కేక పెట్టాడు. సిటప్‌లు, పరుగు ఆమెకి ఎప్పుడూ భయం లేదు. డెబ్భై ఎనిమిది, డెబ్భై ఒకటి వచ్చాయి. కార్డుమీద పుషప్‌ల గడిలో అరవై పడింది.

"అరవై," అన్నాడు కెప్టెన్. "సరిగ్గా అరవై."

"నలభై ఏళ్ళ గడిలో సార్," అంది ఆమె. "ఆ కాగితం ఇస్తారా?"

ఆయన ఇచ్చాడు. ఇవ్వకపోవడానికి ఏ కారణమూ తోచలేదు.

వంటశాలకి వెళ్తూ దారిలో ఇంటికి ఫోన్ చేసింది. "ఎన్ని?" అంది తల్లి. "పదమూడు." "ఎన్ని ఒలికాయి?" "మూడు." "మూడెందుకు ఒలికాయే?" అంది తల్లి.

మధ్యాహ్నం భోజనాలకి వచ్చినవాళ్ళు గుండిగ వెనక గోడకి కొట్టిన కాగితం చూశారు. వెనక తెల్లవైపు ముందుకి తిప్పి, రేపటికి కావలసిన సరుకు పెద్ద అక్షరాలతో రాసి ఉంది: ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, ఉప్పు, గుండిగ ఎడమ చెవికి కొత్త మేకు. ఎండ పడినప్పుడు వెనక అచ్చులో పుట్టిన తేదీ గడి కనిపిస్తోంది, ఖాళీగా. కెప్టెన్ వరసలో వచ్చి దాన్ని చూసి, తల దించుకుని సూప్ తీసుకుని వెళ్ళాడు.

ఆఖర్న మళ్ళీగారు వచ్చాడు. గిన్నె చాపాడు. ఆమె ఒక గరిటె పోసింది.

"ఒకటి," అంది.

ఆయన కదలబోయాడు. ఆమె గిన్నె అంచు పట్టుకుని ఆపి, ఇంకో గరిటె నిండా తీసి, చుక్క ఒలక్కుండా పోసింది. వరసంతా చూస్తోంది. ఇరవై రెండేళ్ళలో ఆ వంటశాలలో అలాంటిది ఎవరూ చూడలేదు.

"ఒకటి," అంది మళ్ళీ, అందరికీ వినపడేలా.